సొంత ఊరి మీద దండు

గండశిల దుర్గంలో మాంత్రికుడు ఖర్పరుడి ఆటశాలకు పన్నెండు కిటికీలున్నాయి. పదకొండింటికి నల్లపట్టు తెరలు దించి ఉన్నాయి. దక్షిణపు కిటికీ ఒక్కటే తెరిచి ఉంది. అందులోంచి పడిన పొద్దుటి ఎండ గది నడుమ ఉన్న చలువరాతి పలక మీద పరుచుకుని ఉంది. పలక మీద కొండలను పచ్చలతో, ఏళ్లను నీలాలతో, ఊబినేలలను పొగరంగు గోమేధికాలతో పొదిగారు. వాటి మీదుగా సన్నని వెండితీగెలు నిలువునా అడ్డంగా సాగి, ఆ చిన్న లోకాన్నంతా గళ్లుగా విడదీశాయి. గోడల పొడుగునా గూళ్లలో వందలకొద్దీ కొయ్యపావులు బారులు తీరి నిలబడి ఉన్నాయి.

గోవన చూపు ముందుగా ఆ పావుల మీదికే పోయింది. పన్నెండో ఏటి నుంచి నీలవాక కోటలో ఆటపావులు చెక్కి బతుకుతున్న వడ్రంగి అతడు. ఏ కొయ్యబొమ్మ చూసినా ఉలి ఎటునుంచి పడిందో చెప్పగలడు. ఈ పావుల మీద ఉలి పడిన జాడే లేదు. కనుబొమలు పైకి లేచి, నోళ్లు సగం తెరుచుకుని, అవి ఎప్పుడో ఒక క్షణంలో హఠాత్తుగా ఆగిపోయినట్టున్నాయి. చాలావాటి తలల మీద కిరీటాలున్నాయి.

"ఇక్కడ ఓడిన రాజులు" అని తనతో వచ్చిన కోట సేనాని సబ్బన దళవాయి అతడి చెవి దగ్గర గొణిగాడు. "అటు చూడకు. భుజాలు ఎత్తి నడు."

ఆ మాట గోవనకు ఇంటి దగ్గర కూడా చెప్పారు. జలతారు తలపాగా, వజ్రపు పోగులు, వేలికి రాజముద్రిక పెట్టుకుని బయలుదేరినప్పుడు, భార్య లకుమ అతణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, "పలక మీద వంగి వంగి నీకు గూని వచ్చింది. యువరాజులు అలా నడవరు" అని మాత్రం అని, బిందె చంకకెత్తుకుని ఉత్తర ద్వారం దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ గోడ మీద కాపు కాసేవాళ్లకు నీళ్లు మోసేది ఆమే. పసుపుపచ్చ చీర కొంగు బిగించి ఆమె వెనక్కి చూడకుండా నడిచిన తీరు గోవన కళ్లలో ఇంకా అలాగే ఉంది.

నిజమైన యువరాజు జయకేతుడు విషబాణం తగిలి ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. నలభై రోజులుగా ఖర్పరుడి దండు నీలవాకను చుట్టుముట్టి ఉంది. గాదెల్లో గింజలు అడుగంటాయి. అప్పుడు మాంత్రికుడు కబురు పంపాడు. అమావాస్య నాడు యువరాజు తన దుర్గానికి వచ్చి తనతో ఒక్క ఆట ఆడాలి. యువరాజు గెలిస్తే దండు వెనక్కి పోతుంది. ఓడితే ఊరు ఖర్పరుడిది, ఓడినవాడు పావుల గూటిలోకి. యువరాజు లేవలేడని తెలిస్తే కోట ఆ రోజే పడిపోతుంది. ఆట క్షుణ్ణంగా తెలిసి, యువరాజు ఈడూ ఎత్తూ ఉన్నవాడు ఊళ్లో గోవన ఒక్కడే. అందుకని దళవాయి అతడికి దేవుడి ముందు ఒట్టు వేయించి తీసుకొచ్చాడు.

ఖర్పరుడు తెర తొలగించుకుని వచ్చాడు. సన్నని మనిషి. పొడుగాటి గడ్డం సాంబ్రాణి పొగ వాసన వేస్తోంది. పదివేళ్లకూ పది ఉంగరాలు. చూపు మాత్రం పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి చూపులా మెత్తగా ఉంది.

"దారిలో ఎండ తగిలినట్టుంది. మజ్జిగ పుచ్చుకుంటావా, రాజకుమారా?" అని అడిగాడు.

గోవన అక్కర్లేదన్నాడు. మాంత్రికుడు నవ్వి, దంతపు పెట్టె తెరిచి నాలుగు తాటాకులు పలక అంచున పరిచాడు.

ఆ ఆటలో ఆకే అన్నిటికీ మూలం. ఒక్కో ఆకు మీద ఒక్కో యుద్ధం రాసి ఉంటుంది. ఏ నేల మీద పోరు, ఎవరి పావులు ఎక్కడ నిలవాలి, ఎన్ని వంతుల్లో ఏం సాధిస్తే గెలుపు అన్నదంతా అందులోనే ఉంటుంది. ఒకడు ఆకు తీస్తాడు. రెండోవాడు తనకు నచ్చిన పక్షం తీసుకుంటాడు. అందుకే తెలిసినవాడు ఎటువైపు కూర్చున్నా ఆడగలిగే ఆకునే తీస్తాడు. ఇదంతా ఎక్కడైనా ఒకటే. అయితే అమావాస్య పగలు ఈ పలక మీద జరిగింది నిజంగా ఆ నేల మీద జరుగుతుందని లోకమంతా చెప్పుకుంటారు.

గోవన ఆకులు ఒక్కొక్కటే చదివాడు. మొదటిది గద్దరాయి కనుమ. కనుమ పైన నిలిచినవాడిదే గెలుపు, కింద ఉన్నవాడు ఎంత మొనగాడైనా చచ్చిపోతాడు. అది తీస్తే పై కొస ఖర్పరుడు తీసుకుంటాడు. దాన్ని పక్కన పెట్టాడు. రెండోది ఏనుగుల మడుగు. దాని నిండా పాచికల పని, అదృష్టం మీద ఊరిని పెట్టలేడు. మూడోది ఇసుకరేవు. బలాలు తూచినట్టు సమానం. సబ్బన కళ్లతోనే ఆ ఆకు తియ్యమన్నాడు. గోవన చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా.

కాని ఇసుకరేవులో జాలరులుంటారు. ఒకసారి పావుల కోసం తెల్లకొయ్య కొనడానికి అక్కడికి వెళ్లినప్పుడు, ఎవరో ముక్కూమొహం తెలియని ఇంటివాళ్లు అతడికి చేపల పులుసుతో అన్నం పెట్టారు. తన ఊరు బతకడానికి వాళ్ల గుడిసెల మీదికి యుద్ధం తీసుకుపోవాలా? ఎవరి ఇంటి మీద నిప్పు వేయాలో నువ్వే ఎంచుకోమని మనిషిని కూర్చోబెడితే, పైనున్న దేవుడు ఏం చూస్తూ ఊరుకుంటాడో గోవనకు అర్థం కాలేదు. మనసులో ఆయన్నే అడిగాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాలుగో ఆకు తీశాడు.

"నీలవాక ఉత్తర ద్వారం" అని ఖర్పరుడు పైకి చదివాడు. "పన్నెండు వంతులు. ఒక్కో వంతుకు ఇద్దరూ రెండేసి పావులు జరపాలి. ముట్టడించేవాడు ద్వారపు గడిలో జెండా నిలిపితే గెలుపు, నిలపలేకపోతే ఊరివాడిది గెలుపు. ఎదురెదురు గళ్లలో నిలిచిన పావులు వంతు ముగిసేసరికి కొట్టుకుని తీరాలి, బలం తక్కువది పడిపోతుంది. అంచు దాటిన పావు ఆట విడిచి ఇంటికి పోయినట్టు. పావును పడుకోబెట్టినవాడు ఆట అప్పగించినట్టు. సరేనా?"

సరేనని గోవన తల ఊపాడు. దళవాయి కూడా ఊపాడు. ఇద్దరి గుండెల్లోనూ ఒకటే ధైర్యం. నీలవాకలో అరుగుల మీద ఈ ఆట ఆడేటప్పుడు ఎవరి ఊరి ఆకు వస్తే ఆ ఊరు వాళ్లకే వదిలేస్తారు. పక్షం ఎంచుకునే హక్కు ఉన్నవాడు కూడా, "మీ ఊరు మీరే కాయండి" అంటూ పలకను తిప్పి పెడతాడు. తాతల నాటి నుంచి అలాగే జరుగుతోంది. అది మర్యాదే తప్ప ఆటలో నియమం కాదన్న సంగతి ఆ ఊళ్లో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు. తట్టవలసిన అవసరమూ రాలేదు.

ఖర్పరుడు పలకను తిప్పలేదు. బుర్జులున్న వైపు తనే కూర్చున్నాడు.

"నేను ఊరు తీసుకుంటున్నాను" అన్నాడు. "ముట్టడి నీది."

సబ్బన అడ్డం చెప్పబోయాడు. మాట వెనక్కి తీసుకోవడానికి లేదు, పలక కింద ఎక్కడో రాయి రాపాడిన చప్పుడై ఆట మొదలైపోయింది. గోవన ముందు తొమ్మిది పావులు వచ్చి నిలిచాయి. మూడు ఏనుగులు, మూడు గుర్రాలు, మూడు బంట్లు. కిటికీలోంచి చూస్తే కొండ కింద పుట్టిన వాగు వంకలు తిరుగుతూ పోయి నీలవాక ఉత్తర ద్వారం పక్కనుంచి పారుతోంది. ద్వారానికి ఎదురుగా ఖర్పరుడి దండు తొమ్మిది దళాలుగా, సరిగ్గా పలక మీద ఉన్నట్టే బారులు తీరి ఉంది. తన ఊరిని గెలవడానికి తన ఊరి మీదే దండు నడపాలి గోవన.

మొదటి ఎత్తు మాంత్రికుడిది. అతడు రెండు వేళ్లతో ద్వారం తెరిచి, కాపు పావును ఒకదాన్ని బయటికి తెచ్చి ఏనుగు ఎదుట నిలిపాడు. గోవనకు ఆ ఎత్తు అర్థం కాలేదు. ఊరు కాసేవాడు తలుపు తీయడమేమిటి? అయోమయంలో అతడు రెండు గుర్రాలను జరిపేసరికి వంతు ముగిసింది. ఏనుగు తొండం ఊపింది, కాపు పావు పడింది. కిటికీలోంచి సన్నగా ఒక కేక వినిపించింది. ద్వారం బయట నిద్రలో నడిచినట్టు నడిచి వచ్చిన పదిమంది నేల మీద పడి ఉన్నారు.

"నీకు గెలుపు దగ్గర చేస్తున్నాను, రాజకుమారా" అన్నాడు ఖర్పరుడు. "తలుపు తీసే ఉంది. నీవాళ్లను తొక్కుకుంటూ లోపలికి వెళ్లు. జెండా పాతు. దండు తీసుకుని నేను వెళ్లిపోతాను. నీ ఊరు నీకుంటుంది, ఊళ్లో మనుషులుండరు. అంతే కదా?"

గోవనకు అప్పుడు అర్థమైంది. మంత్రగాడు గెలవడానికి ఆడటం లేదు. ఏ దారిన పోయినా నీలవాక జనం చచ్చేటట్టు ఆడుతున్నాడు.

అంతలో అతడికి మరో సంగతి తోచింది. ఊరిని మాంత్రికుడు తీసుకున్నాడంటే దండును గోవన చేతికి ఇచ్చినట్టే. పలక మీద తూర్పున గోమేధికాల ఊబి ఉంది. అతడు పళ్లు బిగించి ఒక ఏనుగును నేరుగా ఊబి గడిలోకి నడిపాడు, మరోదాన్ని దాని వెనకాల నిలిపాడు. సబ్బన సంతోషంతో తొడ మీద చరుచుకున్నాడు.

బయట ఏనుగులు ఘీంకరించాయి. వాటి వెనక నడిచిన వందలమంది బురదలో నడుముదాకా, మెడదాకా దిగిపోతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడు వాళ్ల మొర వినిపించింది. గోవన చెవులు మూసుకోబోయి ఆగాడు. వాళ్లు పిలుస్తున్నది తను రోజూ పొద్దున్నే ఉలికి దణ్ణం పెట్టుకునేటప్పుడు పిలిచే దేవుణ్ణే. గూళ్లలో ఉన్న ఆ రాజుల పల్లెల నుంచి పట్టి తెచ్చిన రైతులే వాళ్లంతా. వాళ్లకూ ఎక్కడో లకుమలుంటారు.

"ఇంకోదాన్నీ తోసెయ్యి, ప్రభూ" అన్నాడు సబ్బన.

"వద్దు" అన్నాడు గోవన.

ముందుకు పోతే తనవాళ్లు చస్తారు. ఊబిలోకి పోతే వీళ్లు చస్తారు. అతడు ఆకును మళ్లీ మొదటి నుంచి చదివాడు, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని. అంచు దాటిన పావు ఇంటికి పోయినట్టు. పలకకు పడమటి అంచున దండు వచ్చిన బాట ఉంది.

మళ్లీ తన ఎత్తు రాగానే అతడు ఒక గుర్రాన్నీ ఒక బంటునూ వెనక్కి తిప్పాడు. తరవాతి వంతులో అవి అంచు దాటాయి. కిటికీ బయట రెండు దళాలు ఒక్కసారిగా మత్తు విడినట్టు తలలు విదిలించుకున్నాయి. ఒకడు ఈటె కింద పడేశాడు. పక్కవాడూ పడేశాడు. తరవాత అందరూ ఎవరో పిలిచినట్టు పడమటి బాట పట్టారు. వెళ్లేవాళ్లలో ఎవరో పల్లెపాట అందుకోవడం కూడా వినిపించింది.

ఖర్పరుడి ముఖంలో మెత్తదనం అప్పుడు పోయింది. అతడు ఊరి పావులను రెండేసి చొప్పున బయటికి తోస్తూ పారిపోయేవాటి దారికి అడ్డం పెట్టాడు. గోవన వాటి పక్కనుంచి, వెనకనుంచి, ఏటి గట్టున చుట్టు తిప్పి తన పావులను జారవిడిచాడు. ఇద్దరూ ఆట తిరగేసి ఆడుతున్నారు. ఒకడు తన మనుషులను చావుకు తరుముతున్నాడు, మరొకడు శత్రువు మనుషులను ఇళ్లకు తోలుతున్నాడు. నాలుగో వంతు, ఆరో వంతు, తొమ్మిదో వంతు. ఒకచోట లెక్క తప్పి ఒక బంటు చిక్కుకుంది, ఎదుట పడిన ఊరి పావును కొట్టి పడేసింది. బయట కేక మళ్లీ వినపడింది. గోవన పెదవి కొరుక్కున్నాడు, చెయ్యి ఆపలేదు.

పన్నెండో వంతుకు అతడికి మూడు పావులు మిగిలాయి. ఒక ఏనుగు, ఒక బంటు, ఒక గుర్రం. మాంత్రికుడు ద్వారం లోపలి గడిలోంచి ఆఖరి పావు తీసి నింపాదిగా ఏనుగు ముందు పెట్టాడు. దాని చంకలో బిందె ఉంది.

గోవన కిటికీ వైపు చూశాడు. ద్వారం బయట, ఏనుగుల బారుకు పది బారల దూరంలో, నీళ్లు మోసే ఆడవాళ్లు అరమోడ్పు కళ్లతో నడిచి వస్తున్నారు. ముందున్న ఆమె కట్టుకున్నది పసుపుపచ్చ చీర.

అతడు ఏనుగును అంచు దాటించాడు. బంటును దాటించాడు. రెండు కదలికలూ అయిపోయాయి. గుర్రం మిగిలింది. బిందె పావు గుర్రానికీ ఎదురుగానే ఉంది. వంతు ముగియగానే కొట్టి తీరుతుంది.

"ఇక నీ దగ్గర కదలిక లేదు" అన్నాడు ఖర్పరుడు.

"ఉంది" అని గోవన గుర్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పక్కకు ఒరిగించి పలక మీద పడుకోబెట్టాడు.

దూరంగా మైదానంలో రౌతులు గుర్రాలు దిగి కత్తులు నేల మీద పెట్టి పడమటి బాట పట్టారు. ఆడవాళ్లు కళ్లు నులుముకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ద్వారంలోకి పరుగెత్తారు. ఖర్పరుడు లేచి నిలబడ్డాడు.

"ఓడావు. ఊరు నాది."

"నీదే" అన్నాడు గోవన. అప్పటికే అతడి పాదాలకు స్పర్శ పోయింది. మోకాళ్ల దాకా చర్మం మీద కొయ్య గీతలు పాకుతున్నాయి. "వెళ్లి తీసుకో, స్వామీ. తీసుకునేందుకు దండు ఎక్కడుంది నీకు?"

మాంత్రికుడు గిర్రున కిటికీ వైపు తిరిగాడు. మైదానం ఖాళీగా ఉంది. తొక్కిన గడ్డి, కూలిన డేరాలు, పడమటి బాట మీద లేచిన దుమ్ము తప్ప దండు జాడ లేదు. పలక మళ్లీ మేలుకునేది వచ్చే అమావాస్యకే.

కొయ్యదనం గోవన నడుము దాటింది, రొమ్ము చుట్టూ బిగిసింది. గది పెరుగుతున్నట్టు, కప్పు ఆకాశంలోకి లేచిపోతున్నట్టు అనిపించింది. మరుక్షణంలో అతడు పలక పక్కన జానెడు పావుగా నిలబడి ఉన్నాడు. ఖర్పరుడు వంగి చూశాడు. ఆ పావు తలపై కిరీటం లేదు. భుజాలు కాస్త వంగి ఉన్నాయి. కుడిచేతిలో ఉలి ఉంది.

"వడ్రంగివాడా" అన్నాడు మాంత్రికుడు, ఉలిని చూస్తూ. "యువరాజు నాతో ఆడనే లేదు, ఊరు నాకు దక్కలేదు."

సబ్బనకు అదే అదను. అరవై ఏళ్ల దళవాయి పలక మీదికి లంఘించి, పావును అందుకుని తలపాగా మడతలో దోపుకుని, గుమ్మం దగ్గర మిగిలిన ఇద్దరు కావలివాళ్లు ఈటెలు ఎత్తేలోపు దక్షిణపు కిటికీలోంచి దూకేశాడు. గాలి ఈలవేసింది. కింద అగడ్త నీళ్లు రాతిగోడలా తగిలాయి.

"ఒరేయ్ గోవనా, ప్రాణం ఉందా? పొద్దు గుంకేలోపు విడిపించకపోతే గుండె కూడా కొయ్యయిపోతుందట" అని సబ్బన నీళ్లు మింగుతూ అరిచాడు. జవాబు చెప్పడానికి గోవనకు నోరు లేదు. ఉలి పట్టిన చేతిలో బొటనవేలు ఒక్కటి మాత్రం ఇంకా కదులుతోంది.

వడి నీళ్లు వాళ్లను అగడ్త తూములోంచి వాగులోకి ఈడ్చేశాయి. తలపాగా ఊడిపోయింది. దళవాయిని ప్రవాహం ఒక ఒడ్డుకు విసిరింది. తలపాగా మరో పాయలో చుట్టలు విప్పుకుంటూ పోయింది. అందులోంచి జారిన పావు, కొయ్య కాబట్టి మునగకుండా, రాళ్లకు కొట్టుకుంటూ సుడులు తిరుగుతూ కిందికి సాగింది. పైన కొండ మెట్ల మీద కొమ్ములు ఊదారు. దండు పోయిన ఖర్పరుడు తనే గుర్రమెక్కి, ఆటపలకను వీపుకు కట్టుకుని దిగి వస్తున్నాడు.

గోవన వెల్లకిలా తేలుతూ ఎండనూ, వంగిన రెల్లునూ, చివరికి నీలవాక బుర్జులనూ చూశాడు. రేవు మెట్లు దగ్గరయ్యాయి, దాటిపోబోతున్నాయి. అంతలో ఆకాశానికి అడ్డంగా పసుపుపచ్చ కొంగు ఒకటి ఊగింది. బిందె మూతి నీళ్లలోకి వంగింది. వాగు గుడగుడమంటూ లోపలికి దూకింది, దానితోపాటు అతడూ దూకాడు.

బిందె చంకకెక్కింది. చుట్టూ చీకటి, చల్లదనం, నడక ఊపు. వెలుపల లకుమ గొంతు, గోడ మీద ఉన్నవాళ్లను అడుగుతోంది.

"కొండ మీంచి మనవాళ్లెవరైనా దిగారా?"

"రౌతు ఒక్కడే వస్తున్నాడమ్మా, నల్లటివాడు. తలుపు వెయ్యాలి, నువ్వు లోపలికి రా" అని జవాబు వచ్చింది.

ఆమె అడుగు ఆగింది. బిందెలో నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి. గోవన మిగిలిన ఆ ఒక్క బొటనవేలికి ఉన్న బలమంతా తెచ్చుకుని, కొయ్య ఉలితో ఇత్తడిని కొట్టాడు.